గడప మునిగే ఎత్తు

మా ఇంటి నేల నల్ల గ్రానైటు. వనస్థలిపురంలో ఇల్లు కట్టినప్పుడు మా ఆయన లింగస్వామి రాళ్ళ దుకాణాల వెంట తిరిగి, ఒక్కొక్క పలకా వేలితో కొట్టి చూసి ఏరి తెచ్చిన రాయి. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు గోడల వైపు చూడనే లేదు. నేలను మెచ్చుకుని, భోంచేసి వెళ్ళారు.

ఆ నేల మీద మా జ్యోతిక రోజూ పడుతోంది.

దానికి తొమ్మిదేళ్ళు. ఫిట్స్ అంటే అందరికీ తెలిసిన రకం కాదు, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం ఉండదు. నడుస్తూ నడుస్తూ, మాట సగంలో ఉండగా, నిలువునా కూలిపోతుంది. చేయి అడ్డం పెట్టుకునే వ్యవధి ఉండదు. మరుక్షణం తెలివి వస్తుంది, లేస్తుంది. ఆలోపే గడ్డమో కనుబొమ్మో చిట్లి ఉంటుంది. ముందు పన్ను ఒకటి అలాగే పోయింది. "కొత్త మందు మెల్లగా పెంచాలమ్మా. గుణం కనిపించడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా తల కాపాడండి," అన్నాడు నరాల డాక్టరు. నేను లేవబోతుంటే, "ఇంట్లో రాయి బదులు చెక్క ఫ్లోరింగ్ ఉన్నా కొంత నయమే" అని, తర్వాతి పేషెంటు కోసం గంట కొట్టాడు.

పరుపులు పరిచి చూశాం. మందు మత్తుకు దాని అడుగులు తడబడతాయి. పరుపులో కాలు దిగబడి, అంచు తట్టుకుని, రోగంతో పడేదానికంటే పరుపుతోనే ఎక్కువ పడింది. హెల్మెట్ తెచ్చాం. "నేనేమన్న స్కూటర్ నడుపుతున్ననా?" అని తీసి మంచం కిందికి విసిరింది. చెమటకు నెత్తి మీద పొక్కులు లేచాక నేను కూడా గట్టిగా చెప్పలేకపోయాను.

ఆ సెప్టెంబరులో ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. బస్సులు ఆగాయి, బళ్ళు మూతపడ్డాయి. అంతవరకు ఆయన పొద్దున డ్యూటీకి పోయి, సాయంత్రం వచ్చి, పిల్ల మొహం మీది కొత్త కట్టు చూసి బాధపడేవాడు. ఇప్పుడు ధర్నాలో కూర్చుని వచ్చాక మిగతా పొద్దంతా ఇంట్లోనే. ఒక మధ్యాహ్నం అది తండ్రికి మంచినీళ్ళు తెస్తూ ఆయన ఎదురుగానే పడింది. గ్లాసు ఒకవైపు, పిల్ల ఒకవైపు. ఆయన దాన్ని ఎత్తుకుని, నేల మీది నెత్తురు మెడలోని కండువాతో తుడుస్తూ, "నేను ఏరి తెచ్చిన రాయే గదనే" అన్నాడు.

"చెక్క ఏపిద్దాం" అన్నాను.

కొత్తపేటలో గంగాధరరావు గారిది చెక్క ఫ్లోరింగ్ దుకాణం. ఏలూరు వైపు మనిషి. సమ్మె రోజులు కదా, షట్టరు సగం దించి, ఒక కన్ను వీధి మీదే వేసి కూర్చున్నాడు.

"రండమ్మా, వంగి రండి. తల జాగ్రత్త" అన్నాడు.

రెండు పలకలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇది సాలిడ్. మొత్తం ఒకటే చెక్క. అరిగితే చిత్రిక పట్టించుకోవచ్చు, మీ మనవలు కూడా వాడతారు. ఇదేమో ఇంజినీర్డ్. పైన మాత్రం పల్చగా అసలు చెక్క, కింద పొరలు అడ్డంగా నిలువుగా అతికిస్తారు. వానాకాలం ఉబ్బదు, ఎండాకాలం వంగదు. పల్చన కాబట్టి మీ తలుపుల కింద కొయ్యక్కర్లేదు. అందరూ ఇదే తీసుకుంటున్నారండి ఇప్పుడు."

"పడితే ఏది మెత్తన?"

"ఏం పడితేనండీ?"

"పిల్ల."

ఆయన నా మొహం వైపు చూశాడు. "ఎన్నేళ్ళు మన్నుతుందని అడుగుతారు, చెద పడుతుందా అని అడుగుతారు. ఇది నన్నెవరూ అడగలేదమ్మా."

"నాకు ఎన్నేండ్లో వద్దు సార్. ఈ కొన్ని నెలలు గడిస్తే చాలు."

సంచిలోంచి కొబ్బరికాయలు తీశాను. పీచు పూర్తిగా తీయించి తెచ్చాను. ఆయన మొహం వెలిగింది. "బోణీకి కొడతారా? కొట్టండమ్మా. సమ్మె మొదలయ్యాక షాపులో బోణీ అన్నదే లేదు."

"కొట్టను. పడేస్త."

జ్యోతిక తల నా గుండెల దాకా వస్తుంది. కాయను అక్కడ పట్టుకుని వదిలాను. మొదట, సిమెంటు మీద నేరుగా అతికించిన సాలిడ్ చెక్క మీద. కాయ రెండు చెక్కలై, నీళ్ళు ఆయన చెప్పుల దాకా పారాయి. తర్వాత, అద్దాల పక్కన నమూనాకు కట్టిన వేదిక మీద. అదీ సాలిడ్ చెక్కే, కానీ రీపర్లు పరిచి, వాటి మీద మేకులతో కొట్టింది. రీపర్లంటే పెంకుల కప్పు కింద వేసే సన్న చెక్కలే. కాయ ఎగిరి, దొర్లి, ఆయన బల్ల కిందికి పోయింది. పగల్లేదు. ఫోం మీద పరిచిన ఇంజినీర్డ్ చెక్క మీద మొదటిసారి పగల్లేదు. రెండోసారి వెంట్రుకంత గీత పడి, దాని వెంబడి నీటి చుక్కలు లేచాయి.

గంగాధరరావు గారు వంగి బల్ల కింది కాయను తానే తీసి, తానే ఎత్తి, వేదిక మీద మళ్ళీ వదిలాడు. పగల్లేదు.

"ఇది చెక్క గొప్ప కాదమ్మా" అన్నాడు మెల్లగా. "కింద ఖాళీ ఉంది. దెబ్బ అందులోకి పోతోంది. మీకు రీపర్లు కుదరకపోతే ఇంజినీర్డ్ కింద మందపాటి ఫోం వేయిస్తాను, చాలావరకు కాస్తుంది. కానీ సరుకు విజయవాడలో ఉండిపోయింది. హైవే మీద మీవాళ్ళు లారీని కదలనిస్తేగా..." అని నాలిక కరుచుకున్నాడు.

"మావాళ్ళే సార్. మా ఆయన గూడ అండ్లనే ఉన్నడు."

"అయితే ఆయన్నే అడగండి తల్లీ. ఒక్క లారీ వదలమని."

అడగలేదు. అడిగే అవసరం లేదనుకున్నాను, ఎందుకంటే మా మెట్ల కింద టేకు ఉంది. ఎప్పటికైనా పైఅంతస్తు వేస్తే తలుపులకని మా ఆయన ఎప్పుడో కొని దాచిన చెక్క. ఎండి ఎండి ఇనుములా అయింది. కొలిస్తే హాలుకూ, పిల్ల పడుకునే గదికీ సరిపోతుంది. మా ఆయన వడ్రంగి జానయ్యకు కబురు చేశాడు. జానయ్యది వాళ్ళ ఊరే, ఈ ఇంటి తలుపులూ గడపలూ ఆయన చేసినవే.

నేను దుకాణంలో చూసిందంతా చెప్పాను. ఇంజినీర్డ్ మాట వినగానే జానయ్య మూతి తిప్పాడు. "పొరలు పొరలు అతికించిన చెక్కనా? అప్పడాల కట్ట లెక్క! అతికించింది ఎన్నడన్న ఆగిందానమ్మా? అందుకే గద మనం రోడ్ల మీద కూసున్నది." మా ఆయన పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

"టేకే ఏద్దాం జానయ్య మామా. కానీ కింద రీపర్లు పడాలె" అన్నాను.

ఆయన గుమ్మం దగ్గరకు పోయి గొంతుక్కూర్చుని, వేళ్ళతో గడప ఎత్తు చూశాడు. "రీపరు, దాని మీద టేకు. గడప మునుగుతది."

వంటింట్లోంచి మా అత్తమ్మ సైదమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "మునుగుడేంది?"

చెప్పాం. ఆమె మా ముగ్గురినీ వరసగా చూసింది. ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఆ గడప కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టేది ఆమే. దాని మీద ఎవరైనా కూర్చుంటే ఊరుకోదు. కాలు తగిలినా కళ్ళకద్దుకోమంటుంది.

"ఇల్లు గడప కంటె ఎత్తుండొద్దు" అంది. "గడప మునిగిన ఇంట్ల మొగోడు నిలువడు. వాడు రోజూ పోలీసోళ్ళ నడుమ కూసొని వస్తున్నడు. లాఠీ ఎప్పుడు లేస్తదో ఎవడెరుగు. నేను వాకిట్ల కూసొని వాని బండి సప్పుడు కోసం చూస్తున్న. గిప్పుడు గడప ముంచుతరా?"

"పిల్ల తల పగులుతున్నది అత్తమ్మా."

"నాకు తెల్వదా? దాని తలకు నేను మొక్కని దేవుడున్నడా? నాకు ఇద్దరు గావాలె."

"గడప మీద ఇంకో చెక్క కొట్టి ఎత్తు లేపితే?"

"గడపకు మేకులు కొడతవా!" అంది, నా చేతిలో సుత్తి ఉన్నట్టే వెనక్కి జరిగి. జానయ్య కూడా తల అడ్డంగా ఊపాడు. గడప ఎత్తాలంటే దర్వాజా మొత్తం గోడలోంచి పెకలించాలట. అదీగాక ఎత్తు గడప దాటలేక పిల్ల అక్కడే తట్టుకుంటుంది. ఇంజినీర్డ్ అయితే గడపా ఉండేది, ఫోమూ ఉండేది. గంగాధరరావు గారికి ఫోన్ చేశాను. లారీ కోదాడ దాటలేదన్నాడు.

ఆ సాయంత్రం మా ఆయన నాతో చెప్పాడు. "రీపర్ల మీదనే ఏపిస్త. అమ్మకు నేను చెప్పుకుంట. నువ్వు పరేషాన్ గాకు."

నమ్మాను. ఆ మర్నాడే జ్యోతికకు ఫిట్స్ ఒకదాని మీద ఒకటి రావడం మొదలైంది. కూర్చున్నదల్లా ముందుకు వాలిపోతోంది, అన్నం పళ్ళెంలోకి కూడా. దవాఖానలో చేర్చుకున్నారు. సూదులు గుచ్చారు, మందు పెంచారు. మంచానికి రెండు పక్కలా కట్టిన కమ్మీల మధ్య అది నిద్రపోతుంటే, నేను ఇంట్లో రీపర్ల మీద పరుచుకుంటున్న చెక్కనే తలుచుకుంటూ కూర్చున్నాను. ఆ రోజుల్లో నాకు ఇంకో దిక్కు లేదు. డాక్టరు చేతిలో ఉన్నది డాక్టరు చేస్తాడు. నా చేతిలో ఉన్నది ఒక్క నేల.

దవాఖాన నుంచి పంపించిన రోజు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఆటోలో వచ్చాం. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఎవరో ఆటోను ఆపారు. గరిటె పట్టుకున్న ఒకామె లోపలికి తొంగిచూసి, "ఇడువుండ్రయ్యా, పిల్లకు బాగలేదు" అని గసిరి, ఆకులో ఇంత పులిహోర చేతిలో పెట్టింది.

"అమ్మా, రోడ్డు మీద వండుకుంటే నాయనమ్మ తింటదా?" అంది జ్యోతిక, నోటినిండా మెతుకులతో.

"అడుగుదాం."

ఇంటి ముందు మా ఆయన ఎదురొచ్చి పిల్లను భుజానికెత్తుకున్నాడు. తలుపు తీసి ఉంది. లోపల నల్లటి నేల లేదు. తేనె రంగు టేకు, గోడ నుంచి గోడదాకా, పాలిషు వాసనతో మెరుస్తోంది. జానయ్య గుడ్డతో ఒక మూల రుద్దుతూ, మెచ్చుకోలు కోసం నా వైపు చూశాడు. అత్తమ్మ గడపకు అప్పుడే పసుపు రాసి, పక్కన నిలబడి ఉంది.

నేను గడప దాటి అడుగు వేశాను. కాలు ఎప్పటిలాగే కిందికి దిగింది.

రీపర్లు ఉంటే అలా దిగకూడదు.

"రీపర్లు ఏవి?" అన్నాను.

మా ఆయన పిల్లను ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "రాయి మీదనే బంక పెట్టి అతికించినం. రందా పట్టి జర పల్చగ చేసినం, గడప నిలిచింది. చెక్క చెక్కే గద స్వప్నా. అమ్మ అన్నం ముట్టలే. నేనేం జెయ్యాలె?"

"టేకమ్మా గది" అన్నాడు జానయ్య. "రాయి కంటె టేకు మెత్తన గాదా?"

దేవుని అలమర దగ్గరకు పోయాను. పండుగకు తెచ్చి పెట్టిన కొబ్బరికాయ ఉంది. అత్తమ్మ "ఏయ్, ఏయ్" అంటూనే ఉంది. గుండెల దగ్గర పట్టుకుని వదిలాను. కాయ పగిలింది. నీళ్ళు రెండు చెక్కల మధ్య సందు వెంట తిన్నగా పారి, గోడ దగ్గర ఆగాయి.

తండ్రి భుజం మీద నుంచి జ్యోతిక వంగి చూసింది. "గది నా తలకాయనా అమ్మా?"

"కాదు బిడ్డా."

"నా తలల నీళ్ళుండయి గద" అంది, తండ్రి మొహం తన వైపు తిప్పుకుని, నిజంగా తెలుసుకోవాలని.

నేను జానయ్య సంచిలోంచి ఉలి, సుత్తి తీసుకుని హాలు మధ్యలో కూర్చున్నాను. రెండు చెక్కల సందులో ఉలి పెట్టి కొట్టాను. బంక పట్టు విడవలేదు, చెక్క నిలువునా చీలింది. ఇంకోటి. అదీ చీలింది. వేళ్ళకు పేడు గుచ్చుకుంది. "కోడలా, బంగారమసొంటి టేకు" అని జానయ్య మొత్తుకుంటున్నాడు. "పండుగ పూట ఇల్లు పగలగొడుతున్నది, చూస్తవేందిర?" అని అత్తమ్మ కొడుకు మీద అరుస్తోంది. నాకు అన్నీ వినిపిస్తున్నాయి. చెయ్యి మాత్రం ఆగడం లేదు. ఇది కూడా పోతే ఇంక వేయడానికి చెక్క లేదని తెలుసు. అయినా ఆగడం లేదు.

మా ఆయన పిల్లను దివాన్ మీద కూర్చోబెట్టి, చుట్టూ దిండ్లు పెట్టి, తల్లి దగ్గరకు వెళ్ళాడు.

"అమ్మా, నాకేమన్న అయితదేమోనని నువ్వు భయపడుతున్నవు. దానికి రోజూ అయితనే ఉన్నది."

"గట్లనకురా."

"నువ్వు చూస్తలేవా? నేను చూస్తున్న. డ్యూటీ లేక ఇంట్ల కూసొని గీ నెల్ల నేను చూసింది చాలు. రీపర్లు పడుతయి."

ఆమె వెనక్కి నడిచి వెళ్ళి, ఎవరినీ కూర్చోనివ్వని ఆ గడప మీద తనే కూర్చుంది. పసుపు చీరకు అంటుకుంటోంది. కాళ్ళు వాకిట్లోకి చాపుకుంది, మాకు వీపు పెట్టింది.

"ఎంత మునుగుతది జానయ్యా?" అంది, వాకిలి వైపే చూస్తూ.

ఆయన దగ్గరికి పోయి, గడప పక్కన వేళ్ళు ఆనించి చూపించాడు.

"అంతనా?"

"అంత, వదినె."

ఆమె లేచి వాకిట్లోకి దిగింది. ఇంటి పక్క సందులోంచి చుట్టూ తిరిగి, వెనక తలుపు గుండా వంటింట్లోకి వచ్చి పొయ్యి వెలిగించింది. ఆ రోజు నుంచి ముందు తలుపు దాటి లోపలికి రాలేదు, బయటికి పోలేదు.

జానయ్య నా చేతిలోంచి ఉలి తీసుకున్నాడు. ఆయన పెకలించినా సగం చెక్కలు చీలాయి. మిగిలినవి హాలుకు మాత్రమే వచ్చాయి. పిల్ల మంచం హాల్లోకి మార్చాం. రీపర్లు పరిచి, వాటి మీద టేకు కొట్టాడు. ముందు తలుపు కింద కోశాడు. గడప ఉన్నచోట ఇప్పుడు లోపలి వైపు నుంచి చూస్తే నేలకు సమానంగా ఒక పసుపు గీత.

ఆ నేల మీద జ్యోతిక మొదటిసారి పడినప్పుడు నేను అక్కడే ఉన్నాను. వెల్లకిలా పడింది. లేచి కూర్చుని, తల వెనక తడుముకుని, చెయ్యి చూసుకుంది. నెత్తురు లేదు. "బొప్పి కట్టింది" అంది ఫిర్యాదుగా. మా ఆయన వచ్చి ఆ బొప్పిని వేలితో ముట్టి చూసి, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత కూడా పడింది, ఇంకా పడుతూనే ఉంది. మందు పెంచుతూనే ఉన్నారు. కానీ కుట్లు పడలేదు. అది హాలు దాటి పోకుండా మేం నలుగురమూ కాపలా కాశాం. నాలుగో మనిషి జానయ్య. పని అయిపోయినా ఏదో మేకు చూడాలని వచ్చేవాడు.

సమ్మె ఆగింది. గంగాధరరావు గారు ఫోన్ చేశాడు. "అమ్మా, లారీ వచ్చేసింది! ఇంజినీర్డ్ సరుకు దింపించాను. పాప ఎలా ఉంది?" పడక గదికి తీసి పెట్టమన్నాను. జీతం అందాక వేయిస్తామన్నాను. "డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం, ముందు ఫోం పంపిస్తాను" అన్నాడు.

ఫోం కంటే ముందు బడి తెరిచారు.

పెద్ద మేడమ్‌ను ముందే కలిశాను. పిల్లను తీసుకుంటాం గానీ దాని వెంట తిప్పడానికి తమ దగ్గర మనిషి లేదంది. ఇంట్లోనే చదివించుకోవచ్చుగా అని కూడా అంది. ఆ మాట ఇంటికొచ్చి చెబితే జ్యోతిక పెన్సిల్ డబ్బా విసిరికొట్టింది. దానికి బడి కావాలి. బడిలో కింది నుంచి పైదాకా షాబాదు బండలు, మెట్లు, నీళ్ళ కుళాయి దగ్గర సిమెంటు గట్టు.

పొద్దున యూనిఫాం వేసుకుని మంచం అంచున కూర్చుంది. నేను కింద కూర్చుని బూటు తొడుగుతున్నాను.

"బడిల గూడ చెక్క ఏపిస్తవా అమ్మా?"

నేను లేసు ముడి వేసి, విప్పి, మళ్ళీ వేశాను. "ఏపియ్యను" అన్నాను.

"మరి?"

హెల్మెట్ తీసి పక్కన పెట్టాను. అది దాని వైపు చూడను కూడా లేదు. మా ఆయన డ్యూటీ బట్టల్లో, తాళాలు చేతిలో పట్టుకుని, పోలేక నిలబడి ఉన్నాడు. మానిపించేద్దామా అని ఆయన కళ్ళు నన్ను అడుగుతున్నాయి. ఔనని అనేసేదాన్నే.

"ఇంక తెమలరా? గంట కొడతరు" అని బయటి నుంచి కేక వినిపించింది.

అత్తమ్మ. వెనక తలుపు నుంచి సందులోంచి చుట్టూ తిరిగి ముందు వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఉతికిన చీర కట్టుకుంది, చంకలో మడత పెట్టిన బొంత ఉంది, చేతిలో నీళ్ళ సీసా.

"ఎక్కడికి అత్తమ్మా?"

"బడికి. క్లాసు బయట కూసుంట. అది లేస్తే నేను లేస్త, అది నడిస్తే ఎనక నేను నడుస్త. మేడమ్ కాదంటే గేటు కాడ నేను గూడ ధర్న చేస్త. నేర్చుకున్న గద మీ అందర్ని చూసి."

"అందరు నవ్వుతరు నాయనమ్మా" అంది జ్యోతిక.

"నవ్వనీ. నాకు గూడ పళ్ళున్నయి, నేను గూడ నవ్వుత. రా."

గుమ్మం దాకా వచ్చింది గానీ లోపలికి కాలు పెట్టలేదు. అవతల నుంచే చెయ్యి చాచింది. జ్యోతిక ఆ చెయ్యి పట్టుకుని వాకిట్లోకి దిగింది. నేను దాని పుస్తకాల సంచి భుజానికి వేసుకుని, వాళ్ళిద్దరికీ ఒక్క అడుగు వెనకగా, దాని తల వైపే చూస్తూ నడిచాను.